హద్దు చట్టానికి ఒక ఓటు

మే 4

ఎండ సైరన్ మోగేలోగా ఘాట్ ఎక్కెయ్యాలని బస్సుల్ని చీకటితోనే బయల్దేరదీశాను. నెమలికొండ అతిథి గృహానికి వచ్చేసరికి సగం మంది నిద్రలో ఉన్నారు. దిగగానే అందరి ఫోన్లూ తీసుకుని రేకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా బొడ్లో ఉంది. ఒక్కరూ నవ్వుతూ ఇవ్వలేదు.

క్యాంపు నడిపేవాళ్ళు ఏ రోజుది ఆ రోజు రాసి ఉంచాలని పార్టీ నియమం. రాస్తున్నది సైకం మాణిక్యమ్మ, దివి దక్షిణం శాసనసభ్యురాలు, పార్టీ విప్. నా నియోజకవర్గంలో మూడొంతులు సముద్రంలో ఉంది. ఓటర్లు మాత్రం బతికే ఉన్నారు, మూడు జిల్లాల పునరావాస కాలనీల్లో. ఎదుటిపక్షం వాళ్ళు నన్ను చేపల మెంబరు అంటారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు పిలిస్తే పలుకుతున్నాను.

వచ్చే వారం హద్దు చట్టం మీద ఓటింగు. ఇప్పటికి రెండుసార్లు ఓడిపోయింది. రెండోసారి మా వాళ్ళే ముగ్గురు టీ తాగొస్తామని వెళ్ళి, ఓటింగు అయిపోయాక తిరిగొచ్చారు. వాళ్ళకి టీ ఎవరు పోశారో అందరికీ తెలుసు. అందుకే ఈసారి అందరినీ కొండెక్కించాం.

మే 5

పొద్దున్నే పోలిశెట్టి గారు వచ్చి, తన గదిలో కూలర్ మధ్యాహ్నం రెండు గంటలు ఆగిపోతోందని ఫిర్యాదు చేశారు. కొండ మీద కరెంటు కోటా అంతే ఉందని చెప్పాను. "శాసనసభ్యులకి కూడా కోటాయేనా?" అన్నారు. ఏ చట్టానికి ఓటెయ్యడానికి వచ్చామో గుర్తు చేద్దామనుకున్నాను కానీ ఓపిక లేకపోయింది. నా గది కూలర్ తీసుకెళ్ళి ఆయన గదిలో పెట్టించాను. ఆ ఓటు కూడా కావాలి.

భోజనాల దగ్గర కుళ్ళాయప్ప ఒక్కడే దూరంగా కూర్చున్నాడు. అతను సున్నపుగుట్ట సభ్యుడు. ఆ ఊరంతా సిమెంటు ఫ్యాక్టరీ మీదే బతుకుతుంది. మా అందరిలో ఈ చట్టానికి ఓటేస్తే ఊళ్ళో తలెత్తుకోలేనివాడు అతనే. అయినా బస్సెక్కాడు. ఎందుకు ఎక్కావని నేను అడగలేదు. అడిగితే దిగిపోతాడేమోనని భయం.

ఈరోజు తనే వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఇంకోసారి చెప్పు. మా ఊరోళ్ళు అడిగితే ఎట్ల చెప్పల్ల?"

చెప్పాను. రాష్ట్రం మొత్తం మీద ఏడాదికి ఇంత పొగే వదలాలని ఒక హద్దు గీస్తారు. ఆ హద్దుని వాటాలుగా కోసి వేలం వేస్తారు. వాటా కొన్నవాడే ఆ మేరకు పొగ వదలాలి. ఎవరైనా తక్కువ వదిలితే మిగిలిన వాటాని ఎక్కువ వదిలేవాడికి అమ్ముకోవచ్చు. ఏటేటా హద్దు తగ్గుతుంది, వాటాల ధర పెరుగుతుంది. పొగ మానుకోవడమే చవకనిపించేదాకా.

"మా బట్టీ పాతది. తాతల కాలం నాటిది. దానికి మానుకోవడం అంటే మూసుకోవడమే గదక్కా."

నేను మజ్జిగ గ్లాసు అతని వైపు జరిపాను.

మే 6

సున్నపుగుట్టలో ఫ్యాక్టరీ బట్టీ ఆర్పేసింది. చట్టం వస్తే మళ్ళీ వెలిగించబోమని గేటుకి నోటీసు అంటించారట. చట్టం ఇంకా సభకే రాలేదు. వాళ్ళకి కావలసింది భయం.

సాయంత్రానికల్లా కొండ కింద చెక్‌పోస్టు దగ్గర జనం చేరారు. అరవై మంది దాకా ఉంటారని కాపలా అతను చెప్పాడు. ఆడవాళ్ళే ఎక్కువ. కుళ్ళాయప్పని కిందకి పంపమని అడుగుతున్నారు. కేకల్లేవు, రాళ్ళు విసరడం లేదు, ఊరికే కూర్చున్నారు.

కుళ్ళాయప్ప గోడ దగ్గర నిలబడి కిందకి చూస్తున్నాడు. అంత దూరం నుంచి మనుషులు చుక్కల్లా కనిపిస్తారు. అయినా గుర్తుపట్టాడు.

"ఆ ఆకుపచ్చ కొంగు మా మాబున్నమ్మక్కదే. పక్కన మొగుడు ఉసేనయ్య. చిన్నప్పుడు నన్ను బట్టీ కాడికి ఎత్తుకోని పోతాండె. ముప్పై ఏండ్లు మంట ముందర నిలబడినాడు. ఇప్పుడు పది అడుగులేస్తే దగ్గు."

"రేపటికి వెళ్ళిపోతారు," అన్నాను.

"యాడికి పోతారక్కా? పని లేదు గదా."

మే 7

చెక్‌పోస్టు దగ్గర నీడ అంటే ఒక రేకుల పాక. ఉదయం పది కాకముందే ఎండ సైరన్ మోగింది. ఆ సైరన్ మోగాక బయట మనిషన్నవాడు ఉండకూడదు, ప్రతి ఊరికీ ఒక చల్లగది అందుకే కట్టారు. కొండ కింద చల్లగది లేదు. ఉన్నది కొండ మీద భోజనాల హాలే, అదీ మాకు.

పార్టీ అధ్యక్షుడు దశరథరామయ్యకి ఫోన్ చేశాను. క్యాంపులో పనిచేసే ఫోన్ నా ఒక్కదానిదే. జనాన్ని పైకి రానిస్తానని చెప్పాను.

"గేటు తెరిస్తే క్యాంపు పోయినట్టే మాణిక్యమ్మా. వాళ్ళలో ఫ్యాక్టరీ మనుషులు ఎంతమంది ఉన్నారో నీకేం తెలుసు? కుళ్ళాయప్పని ఎత్తుకుపోతారు. అతనితో పాటు ఇంకో ఇద్దరు పోతారు. మూడోసారి కూడా ఓడిపోదామా?"

"ఎండ ఎలా ఉందో తెలుసా మీకు?"

"నీళ్ళు పంపు. చల్లబడ్డాక వాళ్ళే పోతారు."

నీళ్ళ డబ్బాలు పంపాను. తడిగుడ్డలు పంపాను. వంటవాళ్ళ చేత రాగిజావ కాయించి పంపాను. ఇంత చేశాను కదా అని మనసుకి చెప్పుకున్నాను. మధ్యాహ్నమంతా గేటు తాళం చేతిలో పట్టుకుని వరండాలో తిరిగాను. పార్టీ కోసం ఇరవై ఏళ్ళు ఇలాంటి తాళాలు పట్టుకున్నాను. ఈసారి చట్టం గట్టెక్కితే చాలు, ఇంక ఇంటికి వెళ్ళి పడుకుంటానని అనుకుంటూనే తిరిగాను.

సాయంత్రం గాలి కాస్త చల్లబడింది. వాళ్ళు వెళ్ళలేదు.

మే 8

ఈరోజు ఎండ నిన్నటికన్నా ఎక్కువ కాసింది. సైరన్ మోగిన గంటలోపే కింద నుంచి కీచుమని శబ్దం మొదలైంది. ఒంట్లో వేడి హద్దు మీరితే చేతి పట్టీలు అలా మోగుతాయి. మొదట ఒకటి, తర్వాత నాలుగైదు, ఆ తర్వాత లెక్కపెట్టలేదు. గదుల్లో ఉన్న సభ్యులందరూ వరండాలోకి వచ్చారు. పోలిశెట్టి గారు నా వైపు చూసి, "ఇంకేం చూస్తున్నావమ్మా," అన్నారు.

ఎవరికీ ఫోన్ చేయలేదు. ఎండ వేళ ఘాట్ మీద బండి నడపకూడదని తెలిసీ గేటు తెరిపించి రెండు బస్సులూ కిందకి పంపాను.

భోజనాల హాల్లో బల్లలు పక్కకి లాగి అందరినీ నేల మీద పడుకోబెట్టాం. సభ్యులు తువ్వాళ్ళు తడిపి తెచ్చారు. వంటింట్లో ఉన్న ఐసంతా తెచ్చి పోశాం. గదుల్లో కూలర్లన్నీ ఆపి కరెంటంతా హాలుకి మళ్ళించాను. చాలామంది గంటలో కోలుకున్నారు, లేచి కూర్చుని నీళ్ళడిగారు.

ఉసేనయ్య లేవలేదు. అంబులెన్సు కోసం ఫోన్ చేస్తే, ఎండ వేళ ఘాట్ ఎక్కడానికి అనుమతి లేదు, బ్యాటరీలు అంటుకుంటాయి అన్నారు. మా బస్సులో దించుదామంటే మనిషిని ఆ ఎండలోకి మళ్ళీ తీసుకెళ్ళాలి. మాబున్నమ్మ అతని తల ఒళ్ళో పెట్టుకుని గుండెల మీద ఐసు రుద్దుతూనే ఉంది. కరిగిన నీళ్ళు ఆమె చీరంతా తడిపాయి. కాసేపటికి కుళ్ళాయప్ప ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆమె ఏడవలేదు. భర్త చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే పెట్టింది.

కుళ్ళాయప్ప నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"అక్కా, నిన్ననే తీసింటే?"

నేను చేతిలోని తడి తువ్వాలు మడిచాను. అతనే మళ్ళీ అన్నాడు.

"నా ఫోనియ్యి. మామని ఊరికి తీస్కపోవల్ల."

పెట్టె తెరిచి ఫోన్ ఇచ్చాను. అతను దాన్ని చేతిలో పట్టుకుని, నేనేమైనా అంటానేమోనని చూశాడు.

"నన్ను ఆపవా?"

"ఆపను. నేనూ వస్తాను."

పెట్టె తాళంచెవి పోలిశెట్టి గారికి ఇచ్చేశాను. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని, "మేమెక్కడికీ పోములే, వెళ్ళిరా," అన్నారు.

మే 9

సున్నపుగుట్టలో చెట్ల ఆకుల మీద, గేదెల వీపుల మీద, ఆరేసిన బట్టల మీద, అన్నిటి మీదా బూడిదరంగు దుమ్ము. బట్టీ గొట్టం నుంచి పొగ రావడం లేదు. ఉసేనయ్యని ఎండ ఎక్కకముందే మట్టి చేశారు. ఊరంతా వచ్చింది. నేను ఆడవాళ్ళ వెనక నిలబడ్డాను. నేనెవరో అందరికీ తెలుసు. తోసెయ్యలేదు, పలకరించనూ లేదు.

తర్వాత మాబున్నమ్మే కబురు పంపింది. ఒక గది ఇల్లు. గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కుళ్ళాయప్ప గడపలో కూర్చున్నాడు.

"మూడు దినాలుగా ఊర్లో ఎవురికీ నిద్దర ల్యా," అంది. "బట్టీ సప్పుడు ల్యాకపోతే నిద్దర రాదు మాకు. సరే, ఒకటి అడుగుతా, నిజం జెప్పు. ఆ సట్టమొస్తే బట్టీ మూస్తారా?"

"ఈ ఏడు మూయరు. ఇప్పుడు ఆర్పింది మిమ్మల్ని భయపెట్టడానికి. కానీ హద్దు తగ్గేకొద్దీ వాటాలు కొనలేక కొన్నేళ్ళలో మూస్తారు. కొత్త బట్టీ కట్టే ఉద్దేశం వాళ్ళకి లేదు."

ఆమె కుళ్ళాయప్ప వైపు తిరిగింది. "విన్యావా? నువ్వు మూయరు మూయరు అంటివే. ఈమె జెప్తాంది సూడు." మళ్ళీ నా వైపు తిరిగింది. "సట్టం రాకపోతే?"

"అప్పుడు బట్టీ నడుస్తుంది. ఎండలు ఇంకా ఎక్కుతాయి."

"ఎండ సంగతి నాకు జెప్పొద్దు," అంది. గొంతు పెంచలేదు. "ఆ వేలం దుడ్డు యాడికి పోతాది?"

"తీరానికి. కరకట్టలు కట్టడానికి."

"మీ ఊరికా?"

"మా ఊరికి కూడా."

పక్కింటావిడ టీ తెచ్చి పెట్టింది. మేం ముగ్గురం తాగలేదు.

"పొగ పీల్చింది మేము. మా ఆయన రొమ్ములో ఆ దుమ్మే ఉండాది, ఇప్పుడు మట్టిలో కల్సింది. ఆ పొగ అమ్మిన దుడ్డుతో మీకు కట్ట. మాకేంది?" అంది. "పదేండ్లు ఆ దుడ్డు బట్టీ ఊర్లకి ఇయ్యండి. బట్టీ ఆగినా కూలి ఆగకుండా. పిల్లోళ్ళు ఇంగో పని నేర్సుకునేదాకా. అట్లయితే కుళ్ళాయప్ప సెయ్యెత్తినా మేమేమనం. నేను జెప్తా అందరికీ."

ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. అదే నా కష్టం. సగం ఇస్తామని బేరమాడటానికి కూడా లేదు. సగం కట్టిన కట్ట కట్ట కాదు, ఈ వైపు ఆపితే నీళ్ళు ఆ వైపు నుంచి వస్తాయి. దివి దక్షిణంలో ఇంకా పొడిగా మిగిలిన ఊరు మొగిలిదిబ్బ ఒక్కటే. అది నా అత్తవారి ఊరు. ఆ కట్ట కోసం ఐదేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాను. కొలతలు తీయించాను. ఊరివాళ్ళు దాని వెంబడి సరుగుడు మొక్కలు ఎక్కడ నాటాలో కూడా అనుకున్నారు. పదేళ్ళు ఆగితే కట్టడానికి అక్కడ ఊరుండదు.

"ఆలోచించి చెప్తాను," అన్నాను.

"ఆలోసించు. ఈడనే కూసోని ఆలోసించు," అంది మాబున్నమ్మ.

అక్కడే కూర్చున్నాను. టీ చల్లారిపోయింది. కాసేపటికి కుళ్ళాయప్పని కాగితం తెమ్మన్నాను.

మే 10

అధ్యక్షుడు ఇంత గట్టిగా అరవడం ఎప్పుడూ వినలేదు. క్యాంపు వదిలి వెళ్ళినందుకు కాదు, వేలం డబ్బు పదేళ్ళు బట్టీ ఊళ్ళకే ఇవ్వాలని నేను రాసి పంపిన సవరణ చదివి.

"కరకట్టల డబ్బు ఉందనే కదా తీరం సభ్యులు మనతో ఉన్నది! అది తీసేస్తే కుళ్ళాయప్ప ఒక్కడు వస్తాడు, వాళ్ళు తొమ్మిదిమంది పోతారు. ఈమాత్రం లెక్క నీకు తెలియదా?"

"సవరణ నేనే ప్రవేశపెడతాను. వాళ్ళ ఊళ్ళకి ఇంకా పదీ పదిహేనేళ్ళు టైముంది. ముందుగా పోయేది నా ఊరే. నేనే లేచి అడిగితే వాళ్ళేమని కాదంటారు?"

ఆయన గొంతు తగ్గింది.

"మాణిక్యమ్మా, ఆలోచించుకునే చేస్తున్నావా?"

"ఇంకా ఆలోచిస్తే చేయలేనండి."

పోలిశెట్టి గారు మాట నిలబెట్టుకున్నారు. కొండ మీద నుంచి ఒక్కరూ కదల్లేదు. హాల్లో ఐసు కరిగిన నీళ్ళు తుడిపించి, బల్లలు మళ్ళీ వేయించారట. ఆ హాల్లో అన్నం తినడానికి మాత్రం ఎవరూ రాలేదని, గదుల్లోకే పంపించానని చెప్పారు.

మే 12

హద్దు చట్టం గట్టెక్కింది. రెండు ఓట్ల తేడా.

సవరణ చదువుతున్నప్పుడు నా గొంతు సరిగ్గానే పలికింది. మొగిలిదిబ్బ పేరు నేను ఎత్తలేదు. ఎత్తితే ముగించలేనని తెలుసు. తీరం సభ్యుల్లో ఒకామె, పదేళ్ళుగా నా పక్క సీటులో కూర్చునే మనిషి, లేచి వెనక వరసలోకి వెళ్ళి కూర్చుంది. ఓటు మాత్రం అనుకూలంగానే వేసింది.

కుళ్ళాయప్ప వంతు వచ్చినప్పుడు ఎదుటి బల్లల నుంచి అతని ఊరి పేరు పెట్టి అరిచారు. అతను చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి, స్పీకరు చాలు అని చెప్పేదాకా దించలేదు.

బయట నడవాలో నాకోసం ఆగాడు.

"అక్కా, నిన్ననే తీసింటే అని ఆపొద్దు అడిగినా గదా. ఆ మాట ఎనక్కి తీసుకోను."

"తీసుకోవద్దు," అన్నాను.

మా పార్టీ వాళ్ళు కింద స్వీట్లు పంచుతున్నారు. నాకొక లడ్డూ చేతిలో పెట్టారు. పారెయ్యడానికి మనసొప్పక కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నాను. సున్నపుగుట్టలో బట్టీ మళ్ళీ వెలిగించారని సాయంత్రం తెలిసింది. కుళ్ళాయప్ప ఇంటి కిటికీలు పగలగొట్టారట. అది ఊరివాళ్ళ పని కాదని మాబున్నమ్మ కబురు చేసింది.

క్యాంపు ముగిసింది. నియమం ప్రకారం ఈ రాత కూడా ఇక్కడితో ఆపాలి.

మే 20

ఆపలేకపోయాను. మొగిలిదిబ్బ వెళ్ళొచ్చింది రాసి ముగిస్తాను.

పాత తారు రోడ్డు మీదుగానే పడవ వెళ్ళింది. నీళ్ళు తేటగా ఉన్నచోట మధ్యగీత కనిపిస్తుంది. దిబ్బ మీద దిగేసరికి జనం బడి వరండాలో చేరి ఉన్నారు. సభ ప్రసారం రేడియోలో అందరూ విన్నారు. సవరణ పెట్టింది ఎవరో కొత్తగా చెప్పాల్సిన పని లేకపోయింది. అయినా వచ్చాను కాబట్టి చెప్పాను. కొండ కింద ఎవరు కూర్చున్నారో, ఎవరు చనిపోయారో, డబ్బు ఎక్కడికి వెళ్తుందో, ఎందుకు సగం చేయలేకపోయానో, అన్నీ చెప్పాను.

ఒక ముసలాయన, "అయితే చట్టమైతే వచ్చిందన్నమాట," అన్నాడు. వచ్చిందన్నాను. "మంచిదే," అన్నాడు. అందులో వెటకారం లేదు. అదే భరించలేకపోయాను. తిడతారని సిద్ధపడి వచ్చాను. ఒక్కరూ తిట్టలేదు. ఒకరొకరుగా లేచి ఇళ్ళకి వెళ్ళిపోయారు.

మా ఆయన అక్క వరహాలమ్మ వదిన నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది. చేపల పులుసు వేడి చేసింది. నేను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చుని విసిరింది. తినడం అయ్యాక అడిగింది.

"కట్ట రాదుగా ఇంక?"

"రాదు వదినా."

"సర్లే. ఈ ఏడు నారు పోసుకోమంటావా, వద్దా?"

పొద్దుటి నుంచీ అందరికీ అన్నీ చెప్పాను కానీ ఇది ఎవరూ అడగలేదు. ఉప్పుకి తట్టుకునే వరి అది. దిబ్బకి పడమట నాలుగెకరాల్లో ఇంకా పండుతోంది. కొలతలు తీసిన ఇంజనీర్లు చెప్పింది నాకు గుర్తుంది. ఈ వర్షాకాలం దాటుతుంది. పై ఏడాది పోటుకి ఆ నాలుగెకరాలూ పోతాయి.

"ఈ ఏడు పోసుకోండి," అన్నాను.

"వచ్చే ఏడో?"

"వద్దు వదినా. వచ్చే ఏడు వద్దు."

ఆమె విసనకర్ర పక్కన పెట్టి లోపలికి వెళ్ళింది. ఈ ఏటికొకటి, పై ఏటికొకటి దాచిన విత్తనాల మూటలు రెండూ మూల గదిలోంచి ఈడ్చుకొచ్చింది. ఒకటి గోడ వారగా నిలబెట్టింది. రెండోదాని మూతి విప్పి, దోసిలితో తీసి చూసుకుని, "గట్టి గింజలు, బియ్యానికి బాగుంటాయి," అంటూ ఎండబెట్టడానికి వాకిట్లో చాప పరిచింది. నేను లేచి వెళ్ళి మూట రెండో చివర పట్టుకున్నాను.